పంపు మీద పసుపు గీత

జాకీ రాడ్డు మొదటి దెబ్బ చాంద్యా ఎడమ భుజం మీద పడింది. రెండో దెబ్బకు చేయి అడ్డం పెట్టాడు. అది మోచేతి కింద తగిలింది. మూడోది పడకముందే పికప్ టైరు పక్కన కూలబడ్డాడు. బండి ఓనరు కట్టయ్య రాడ్డు దించలేదు.

"చెప్పురా. ఎవనికి అమ్మినవ్ పంపు?"

"నేను అమ్మలే అన్నా. నాకు తెల్వది."

"తెల్వదా? బండి నీ చేతుల ఉంటది. ఇటుకల లోడు కోసం లైన్ల ఆగితే బండ్లెనే పండుకుంటవ్. మరి పంపు దానంతటదే దిగి నడ్సుకుంట పోయిందా?"

గేటు దగ్గర ఎవరో నవ్వారు. నర్సింహులపేటలో కట్టయ్య ఇల్లు రోడ్డు మీదికే ఉంటుంది. ఇంటి ముందు రేకుల షెడ్డు, అందులో బానెట్ లేపిన పికప్. ఎదురుగా హోటల్ నడిపే దేవేందర్, అతని దగ్గర చాయ తాగుతున్నవాళ్ళు గ్లాసులతోనే గేటు దాకా వచ్చారు. లోపలికి ఎవరూ రాలేదు.

పికప్ కొన్నాళ్ళుగా పొగ కొడుతోంది. లోడు వేస్తే ఎత్తు ఎక్కడం లేదు. ఆ పొద్దున కట్టయ్య బానెట్ లేపి డీజిల్ పంపు చూశాడు. కిందటి వానలకు ముందు జనగామలో పంపుల మెకానిక్ షాకీర్ ఆ పంపును విప్పి బాగుచేశాడు. చేసి, దాని సెట్టింగ్ స్క్రూ మీద నుంచి పంపు ఒంటి మీదికి పసుపు పెయింటుతో ఒక గీత గీశాడు. ఆ స్క్రూ ఎవరు తిప్పినా గీత తెగి తెలిసిపోతుంది. ఇప్పుడు గీత తెగి లేదు. అసలు గీతే లేదు. కట్టయ్య గుడ్డ పెట్టి జిడ్డు తుడిచాడు. కింద లోహం తెల్లగా బయటపడింది. షాకీర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"నా రూముల కెల్లి పోయిన ప్రతి పంపు మీద గీత ఉంటది కట్టయ్యన్నా," అన్నాడు షాకీర్. "గీత లేదంటే అది నేను చేసిన పంపు కాదు."

ఆ మాట చాంద్యా కూడా విన్నాడు. కట్టయ్య ఫోన్ జేబులో పెట్టుకుని రాడ్డు అందుకున్నాడు.

మంచి పంపు తీసి అమ్ముకుని, పాత పంపు పెట్టి తెచ్చాడని కట్టయ్య లెక్క. చెల్పూర్‌లో పవర్ ప్లాంటు బూడిదతో చేసే ఇటుకల కోసం బండ్లు లైనులో ఆగుతాయి. చాంద్యా అక్కడ ఎన్నోసార్లు రాత్రి పడుకున్నాడు. ఆ మాట అతనే చెప్పాడు. దెబ్బలు మొదలయ్యాక అది కూడా అతని మీదికే వచ్చింది.

కట్టయ్య భార్య శాంతి గడప దగ్గర నిలబడి ఉంది.

"ఇగ చాలు తియ్యి. సస్తే ఎవలకు చెప్పుకుంటం?"

"నువ్వు లోపలికి పో." కట్టయ్య రాడ్డును చాంద్యా ముందు నేలకు ఆనించాడు. "ఇగో, ఇను. ఆ పంపు నువ్వే ఇప్పు. సంచిల ఏస్కో. ఏడ మార్చినవో ఆడికే పో. నా పంపు నాకు తే. మిర్చి లోడ్లు మొదలైతున్నయి, బండి నడవాలె. తెస్తే లైసెన్సు ఇస్త. తేకుంటే తొర్రూరు అడ్డ మీద ఒక్కొక్క ఓనరుకు చెప్త, చాంద్యా దొంగ అని. మల్ల ఎవడు ఎక్కిస్తడో చూస్త."

లైసెన్సు కట్టయ్య బీరువాలో ఉంది. డ్రైవరు పనిలో చేరిన రోజే లైసెన్సు ఓనరు దగ్గరికి పోతుంది. మానేసిన రోజు వెనక్కి వస్తుంది. ఈ చుట్టుపక్కల అందరు ఓనర్లూ అట్లాగే చేస్తారు. చాంద్యాకు వేరే పని రాదు. తండాలో అతనికి భూమి లేదు.

అతను బండి పట్టుకుని లేచాడు. ఎడమ చేయి భుజం దాటి లేవలేదు. కుడిచేత్తో పాన పట్టుకుని పంపు మీది పైపుల నట్లు వదులు చేశాడు. డీజిల్ కారి మణికట్టు మీదుగా మోచేతి దాకా పోయింది. పైపుల నోళ్ళకు గుడ్డపీలికలు కుక్కాడు. పంపును ఇంజిన్‌కు పట్టి ఉంచే నట్లు విప్పేటప్పుడు బరువు ఆపడానికి రెండో చేయి కావాలి. కడుపు ఆనించి ఆపాడు. పంపు జారి అతని పొట్ట మీదికి వచ్చింది. గేటు దగ్గరి వాళ్ళు గ్లాసులు ఇచ్చేయడానికి వెళ్ళిపోయారు.

యూరియా సంచిలో పంపు వేసి, పాన కూడా అందులోనే వేసి, చాంద్యా కుడి భుజానికి ఎత్తుకున్నాడు.

*

తండాలో అతని భార్య సుమలత ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి భుజానికి కాపడం పెట్టింది. మోచేతి కింద వాపు నల్లబడింది. ఆమె మూట చల్లారాక మళ్ళీ పెనం మీద పెట్టి, అటు తిరిగే అడిగింది.

"నిజంగ అమ్మినవా?"

చాంద్యా ఆమె వీపు వైపు చూశాడు.

"అమ్మితే చెప్పు," అంది ఆమె. "అమ్మితే కాళ్ళు పట్టుకుందాం. అమ్మకుంటే ఎందుకు కొడ్తడు గట్ల?"

అతను చొక్కా వేసుకుని అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. సంచి విప్పి పంపును బయటికి తీశాడు. తిప్పి తిప్పి చూశాడు. పసుపు ఎక్కడా లేదు. తను బండిలో పడుకున్న చోట్లన్నీ గుర్తు తెచ్చుకున్నాడు. బానెట్ లేపితే చప్పుడవుతుంది, తనకు మెలకువ రావాలి. రాలేదు. ఇటుకల లైనులో ఒక రాత్రి కడుపునొప్పికి గోలీ వేసుకుని ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. పంపు ఆ రాత్రే పోయిందని పొద్దు గూకే లోపల అతను నిర్ణయానికి వచ్చాడు. తను అమ్మలేదు కాబట్టి ఎవరో తీశారు. ఎవరో తీశారు కాబట్టి అది ఎక్కడో ఉంది.

పొద్దున మహబూబాబాద్ బస్సెక్కాడు. స్టేషన్ రోడ్డులో పాత బండ్ల సామాను అమ్మే ధర్మేందర్ షట్టర్ అప్పుడే లేపుతున్నాడు. సంచిలోకి తొంగి చూసి పెదవి విరిచాడు.

"గీ మోడల్‌ది గీ బజారు మొత్తం తిరుగు, దొరకది. కంపెనోడే బంద్ చేసిండు. చేతికేమైంది, పెండ్లాం కొట్టిందా?"

"ఓనర్ కొట్టిండు. పంపు అమ్ముకున్న అంటున్నడు."

"అమ్ముకున్నవా మరి?"

"లే."

ధర్మేందర్ గల్లా మీద అగరబత్తి గుచ్చి నవ్వాడు. "నువ్వు దొంగవైతే అమ్మనీకి రావాలె గదనే నా దగ్గరికి. పంపు కోసం తిరిగే దొంగను ఇప్పుడే చూస్తున్న. చెల్పూర్ పో. ఫకీర్ అహ్మద్ అని ముసలాయన ఉంటడు. ప్లాంటు కాడ నడిచిన పాత పికప్పులన్ని ఆయన దగ్గరికే పోయినయి. ఈ పంపు ఉంటే గాయన దగ్గర్నే ఉండాలె."

చెల్పూర్ పేరు వినగానే చాంద్యా సంచి మూతి ముడివేశాడు. మిగిలిన షాపులు అడగలేదు. స్టేషన్‌లో వరంగల్ పోయే రైలెక్కి, హనుమకొండలో చెల్పూర్ మీదుగా పోయే భూపాలపల్లి బస్సు పట్టుకున్నాడు. సీటు దొరికినా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డీజిల్ వాసనకు పక్కన కూర్చున్నామె లేచి వెనక్కి పోయింది.

*

ఫకీర్ అహ్మద్ యార్డు రోడ్డు పక్కనే ఉంది. చుట్టూ రేకుల కంచె. లోపల క్యాబిన్లు ఒక దాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. గేరు బాక్సులు నేల మీద వరసగా ఉన్నాయి. మూలకు ఇల్లు. ఇంటికీ యార్డుకూ మధ్య చెక్కల అర, దాని మీద డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, పంపులు. అన్నిటి మీదా ప్లాంటు బూడిద పేరుకుని ఉంది.

ఫకీర్ అహ్మద్ నేల మీద కూర్చుని గేరు బాక్సు విప్పుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏం గావాలె బేటా?"

చాంద్యా అరనే చూస్తున్నాడు. పంపుల వరసలో చివరి దాని మీద స్క్రూ నుంచి ఒంటి మీదికి పసుపు గీత ఉంది. దగ్గరికి పోయి వేలితో బూడిద తుడిచాడు. గీత తెగలేదు.

"చాచా, ఇది ఏడికెల్లి వచ్చింది?"

"అదా? పరకాల కెల్లి. పాల బండిది. బండి పల్టీ కొట్టి పనికి రాకుంట అయింది. ఓనరే తెచ్చి ఏసి పోయిండు."

"ఇది నా బండిది."

ఫకీర్ అహ్మద్ ఇప్పుడు తలెత్తాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని లేచాడు. మోకాలు పట్టేసినట్టు కాసేపు వంగే నిలబడ్డాడు.

"నీ బండిది ఎట్లైతది? నేను చెప్తున్న గద, పాల బండిది."

"నా బండిది చాచా. ఇటుకల లైన్ల పండుకున్నప్పుడు తీసిన్రు. ఇగో, గీ పంపు పెట్టిన్రు." చాంద్యా సంచిలోంచి పంపు తీసి గేరు బాక్సు పక్కన పెట్టాడు. "దీన్ని నువ్వు ఉంచుకో. నాది నాకియ్యి."

"అరే, పరేషాన్ చెయ్యకు. నీది నువ్వు పట్టుకపో. అది గావాలంటే కొనుక్కపో. బజార్ల ఇట్లనే ఉంటది."

చాంద్యా అర మీది పంపును కుడిచేత్తో లాగాడు. ఫకీర్ అహ్మద్ వచ్చి దాని రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ లాగారు. చాంద్యా ఎడమ చేయి సాయానికి రాలేదు. ముసలాయన పట్టు గట్టిగా ఉంది.

"చెప్పు, ఎవడు అమ్మిండు నీకు?"

"చెప్పిన గదరా. ఇడువు."

"అబద్ధం! ఎవడు అమ్మిండు? పేరు చెప్పు!"

"నఫీసా!" ఫకీర్ అహ్మద్ ఇంటి వైపు తిరిగి కేకేశాడు. "దొంగ వచ్చిండు, దొంగ!"

చాంద్యా పంపు వదిలేశాడు. సంచిలో చేయి పెట్టాడు. పాన చేతికి వచ్చింది. దానితో ముసలాయన మణికట్టు మీద కొట్టాడు. ఎముక చప్పుడు ఇద్దరికీ వినిపించింది. ఫకీర్ అహ్మద్ రెండో చేత్తో పంపును రొమ్ముకు అదుముకుని కూర్చుండిపోయాడు. చాంద్యా అదే చోట మళ్ళీ కొట్టాడు. ఈసారి చర్మం చిట్లింది. తర్వాత భుజం మీద కొట్టాడు. పంపు నేల మీదికి దొర్లింది. ముసలాయన దాని మీదికే పడిపోబోతే చాంద్యా అతన్ని కాలితో పక్కకు నెట్టాడు.

నఫీసా బేగం పిండి చేతులతో బయటికి వచ్చింది. చాంద్యా చొక్కా వెనక నుంచి పట్టుకుంది. అతను విదిలించాడు. ఆమె వెళ్ళి డ్రమ్ముకు తగిలి పడింది. చొక్కా మీద పిండి వేళ్ళు అంటుకున్నాయి.

"యా అల్లా! ఏం చేసిండు నీకు? ముసలోన్ని కొడ్తవురా?"

అతను రెండు పంపులూ సంచిలో వేసుకున్నాడు. భుజానికి ఎత్తుకోబోతే లేవలేదు. సంచి ఈడ్చుకుంటూ గేటు దాటాడు. రోడ్డు మీద బూడిద లారీ ఆగి ఉంది. డ్రైవరు ఏమిటని అడగకుండానే ఎక్కించుకున్నాడు. లారీ పరకాల దాటాక చాంద్యా పాన ఇంకా చేతిలోనే ఉందని చూసుకున్నాడు. దాన్ని సంచి గుడ్డకు తుడిచి లోపల వేశాడు.

*

షాకీర్ పంపు రూము జనగామలో హనుమకొండ రోడ్డు మీద ఉంది. చాంద్యా పోయేటప్పటికి అతను ఒక ట్రాక్టరు పంపును టెస్టు బెంచి మీద తిప్పుతున్నాడు. బెంచి ముందు గాజు గొట్టాలు వరసగా ఉన్నాయి. పంపు తిరుగుతుంటే డీజిల్ గొట్టాల్లోకి పడుతుంది. అన్నిట్లో ఒకే ఎత్తుకు నిండితే పంపు మంచిది. షాకీర్ బెంచి ఆపి చేతులు తుడుచుకున్నాడు.

"కట్టయ్యన్న బండి డ్రైవర్‌వు గదా? దొరికిందా పంపు?"

చాంద్యా రెండూ తీసి టేబుల్ మీద పెట్టాడు. "గిది మనది. దొరికింది. గిది వాళ్ళు మార్చి పెట్టింది."

షాకీర్ ముందు గీత ఉన్నదాన్ని తిప్పి చూశాడు. వెనక ఉన్న పేరు పలకను గోటితో గీకాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"గిది కట్టయ్యన్నది కాదు."

"గీత ఉన్నది గద భాయ్."

"గీత ఉంటది. నేను గీసిన గీతనే. గిసొంటి గీతలు జిల్లాల ఎన్ని బండ్ల మీద ఉన్నయో! గీ పలక వంగింది చూసినవా? దీన్ని నేనే సుత్తెతో సక్కగ చేసిన. పరకాల పాల బండి పంపు ఇది."

చాంద్యా గోడకు ఆనుకున్నాడు.

షాకీర్ రెండో పంపును దగ్గరికి జరుపుకున్నాడు. స్క్రూ మీద వేలు పెట్టి రుద్దాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. తర్వాత సీసాలోంచి థిన్నర్ గుడ్డ మీద పోసి స్క్రూ చుట్టూ రాశాడు. గుడ్డకు వెండిరంగు అంటుకుంది. ఇంకొంచెం పోసి రాశాడు. వెండిరంగు పోయిన చోట కింద పసుపు కనిపించింది. అతను రాస్తూ పోయాడు. గీత మొత్తం బయటికి వచ్చింది. ఎక్కడా తెగలేదు.

"సిల్వర్ పెయింట్ గొట్టిండు ఎవడో," అన్నాడు షాకీర్. "దసరా పూజకు ఇంజిన్ కడిగి గొడ్తరు గద. పంపు అల్యూమినియం, పెయింట్ అల్యూమినియం, ఎట్ల తెలుస్తది? గిదే కట్టయ్యన్న పంపు. ఎవడు మార్చలే."

దసరాకు చాంద్యా తండాలో ఉన్నాడు. బండి ఇంజిన్ కడిగి రంగు వేసే పని ఏటా కట్టయ్యే చేస్తాడు. ఇంకొకరిని ముట్టనివ్వడు.

షాకీర్ పంపును బెంచి మీద ఎక్కించి తిప్పాడు. గొట్టాల్లో ఒకటి సగం కూడా నిండలేదు. "లోపల డీజిల్ నెట్టే ఎలిమెంట్లు అరిగినయి. గందుకే పొగ. డబ్బాల్ల అమ్మే డీజిల్ పోస్తే గిట్లనే అయితది." పాల బండి పంపు ఎక్కించి తిప్పాడు. గొట్టాలన్నీ ఒకే ఎత్తుకు నిండాయి. "గిది మంచిగున్నది. ఎవలిచ్చిన్రు?"

"చెల్పూర్ల. ఫకీర్ అహ్మద్."

"ఫకీర్ చాచానా! మంచిగున్నడా? నాకు పాన పట్టుడు నేర్పింది ఆయన్నే. గిసొంటి పంపు ఊకెనే ఇయ్యడే ఆయన. ఎట్ల ఇచ్చిండు?"

చాంద్యా తన చొక్కా అంచు లాక్కుని చూసుకున్నాడు. పిండి ఎండి రాలుతోంది. షాకీర్ చూపు కూడా అక్కడికే పోయింది. అక్కడి నుంచి సంచి మీదికి పోయింది.

"చాంద్యా. ఎట్ల ఇచ్చిండు?"

"ఫోన్ల నువ్వు అన్నవు గద భాయ్, గీత లేకుంటే నా పంపు కాదు అని."

షాకీర్ బెంచి స్విచ్ ఆపాడు. "నేను చూడకుండ చెప్పిన," అన్నాడు. రెండు పంపులూ సంచిలో వేసి, సంచి చాంద్యా కుడి భుజానికి ఎత్తి, అతన్ని ముట్టకుండా చేయి తీసేశాడు.

*

కట్టయ్య పసుపు గీత చూశాడు. ముందు తన పంపు మీద చూశాడు. గీత పక్కన ఇంకా మిగిలిన వెండిరంగును బొటనవేలితో రుద్దాడు. గేటు వైపు చూసి, పంపును గోడ వైపు తిప్పి పెట్టాడు.

"పెయింట్ నేనే గొట్టిన తియ్," అన్నాడు గొంతు తగ్గించి. "యాది లేదు. అయిపోయింది గద, గది ఇడిసిపెట్టు. గా రెండోది ఏంది?"

"వేరేటోళ్ళది అన్నా. పరకాల పాల బండిది. చెల్పూర్ల చాచా దగ్గర ఉండె. మనదే అనుకున్న. ఆయన ఇయ్యలే. కొట్టి తెచ్చిన."

"కొట్టినవా?" కట్టయ్య అతన్ని పై నుంచి కింది దాకా చూశాడు. "నువ్వా?"

"చెయ్యి ఇరిగింది ఆయనది."

"పంపు మంచిదేనా?"

"మంచిదే. షాకీర్ బెంచి మీద చూసిండు."

"ఇంకేంది మరి? బిగియ్యి. కేసు గీసు అయితే నేను చూస్కుంట. స్టేషన్ల మనోళ్ళు ఉన్నరు. లంబడోడు కొట్టిండని ముసలోడు ఏడికి పోతడు?" ఇంట్లోకి పోయి లైసెన్సు తెచ్చి బండి మడ్‌గార్డు మీద పెట్టాడు. గాలికి పోకుండా దాని మీద నట్టు ఒకటి పెట్టాడు. "ఇగో, నీది నీకు. అయిపాయె."

చాంద్యా లైసెన్సు వైపు చూశాడు. దాని మీది ఫోటోలో అతనికి మీసాలు లేవు. పాన తీసుకుని ఇంజిన్ మీదికి వంగాడు. పంపు మీది గాటును ఇంజిన్ మీది గాటుకు కలిపి నట్లు బిగించాడు. పైపుల నోళ్ళలోని గుడ్డపీలికలు తీసి ఒక్కొక్కటీ కూర్చోబెట్టాడు. గాలి పోవడానికి పై నట్టు వదులు చేసి డీజిల్ ఎక్కించే చిన్న చేతిపంపు కొట్టాడు. బుడగలు వచ్చాయి. తర్వాత డీజిల్ ధారగా వచ్చింది. నట్టు బిగించి, క్యాబిన్‌లోకి పోయి చావి తిప్పాడు. ఇంజిన్ మొదటిసారికే అందుకుంది. పొగ రాలేదు.

చప్పుడు విని హోటల్ నుంచి దేవేందర్, ఇంకొందరు వచ్చారు. ఈసారి గేటు దాటి షెడ్డులోకే వచ్చారు.

"దొరికిందా కట్టయ్యన్నా పంపు?"

"దొరక్క ఏడికి పోతది?" కట్టయ్య చాంద్యా ఎడమ భుజం మీద చేయి వేసి నొక్కాడు. "మావోడు చెల్పూర్ పోయి, ముసలోన్ని సాపు చేసి పట్టుకచ్చిండు. నేను ఉత్తగనే అనుకున్న గని, మస్తు మొగోడు."

"అబ్బో! నిన్న దొంగ అంటివి గదనే?"

"దొంగనే! గని మన దొంగ."

అందరూ నవ్వారు. దేవేందర్ చాయ గ్లాసు చాంద్యా చేతికి ఇచ్చాడు. "చాంద్యా, మా హోటల్ గ్రైండరుకు మోటర్ కాలిపోయింది. చెల్పూర్ దిక్కు పోతే ఒకటి చూడరాదు!"

చాంద్యా గ్లాసును మడ్‌గార్డు మీద పెట్టాడు. క్యాబిన్‌లోకి వంగి ఇంజిన్ ఆపే నాబు లాగాడు. ఇంజిన్ ఆగింది. నవ్వులు ఆ వెనకే ఆగాయి.

"ఏందిరా, బంద్ చేసినవ్?"

"పంపు వాపస్ ఇచ్చొస్తనన్నా."

"ఎవనికి?"

"చాచాకు."

"పిచ్చి లేసిందా నీకు? ఇప్పు నట్టు, చూస్త. ఇప్పినవంటే లైసెన్సు పొయ్యిల ఏస్త."

చాంద్యా పాన అందుకుని మొదటి పైపు నట్టుకు వేశాడు. పంపు అప్పటికే వేడెక్కి ఉంది. కట్టయ్య షెడ్డు గోడకు ఆనించిన రాడ్డు తీసుకున్నాడు. దెబ్బ వీపు మీద పడింది. పాన జారి చాంద్యా వేళ్ళు ఇంజిన్‌కు కొట్టుకున్నాయి. కణుపుల మీద తోలు లేచింది. అతను వెనక్కి తిరగలేదు. పాన మళ్ళీ నట్టుకు వేశాడు. రెండో దెబ్బ నడుము మీద పడింది. అతను ముందుకు వంగి, నట్టు పూర్తిగా విప్పి, రెండో నట్టుకు పాన మార్చాడు.

రాడ్డు మూడోసారి లేచినప్పుడు శాంతి వచ్చి దాని కొస పట్టుకుంది.

"పెయింట్ గొట్టింది నువ్వే గదా," అంది. గేటు దాకా వినపడేట్టు అంది. "దసరా నాడు కుంచె పట్టుకుని నువ్వే గొడ్తివి. నేనే డబ్బా పట్టుకున్న. పంపు ఎవడు అమ్మలే, ఎవడు మార్చలే. కింద గీత అట్లనే ఉన్నదట. గోడకు తిప్పి ఎందుకు పెట్టినవ్? తిప్పి సూపియ్యి."

దేవేందర్ గోడ దగ్గరికి పోయి పంపును ఇటు తిప్పాడు. అందరూ చూశారు. దేవేందర్ దాన్ని ఉన్నట్టే పెట్టి, మడ్‌గార్డు మీది చాయ గ్లాసు తీసుకుని బయటికి నడిచాడు. మిగిలిన వాళ్ళు అతని వెనక పోయారు.

కట్టయ్య రాడ్డు వదిలేశాడు. అది శాంతి చేతిలో ఉండిపోయింది. అతను లైసెన్సు తీసి తన చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు.

"పో," అన్నాడు. "పంపు తీస్కునే పో. మల్ల బండి మొకం చూడకు."

చాంద్యా పని పూర్తి చేశాడు. పంపు నోళ్ళకు గుడ్డ కుక్కి సంచిలో వేసుకున్నాడు. పాన బండిది. దాన్ని బ్యాటరీ పక్కన పెట్టి బానెట్ దించాడు.

*

చెల్పూర్‌లో మర్నాడు బస్సు దిగేటప్పటికి ఎండ ఎక్కింది. గేటు తీసే ఉంది. ఫకీర్ అహ్మద్ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేయి వేళ్ళ నుంచి మోచేతి దాకా సిమెంటు కట్టులో ఉంది. నఫీసా బేగం అన్నం కలిపి తినిపిస్తోంది. యార్డులో వాళ్ళ కూతురు సనా మొగుడు బండి కమాను విప్పి ఇనప పట్టాలు వేరు చేస్తున్నాడు.

ముందు నఫీసా బేగం చూసింది. ఆమె చేతిలోని ముద్ద పళ్ళెంలో పడింది.

"వీడే," అంది.

అల్లుడు కమాను పట్టా ఒకటి ఎత్తుకుని లేచాడు. గేటు దగ్గరికి పోయి మూసి గొళ్ళెం పెట్టాడు. చాంద్యా గొళ్ళెం చప్పుడు విన్నాడు. నిలబడ్డచోటే నిలబడ్డాడు.

"నాది కాదు చాచా పంపు," అన్నాడు. "పాల బండిదే. నువ్వు చెప్పిందే నిజం."

"నేను అప్పుడే చెప్పిన గద," అన్నాడు ఫకీర్ అహ్మద్.

"చెప్పినవ్."

అల్లుడు పట్టా రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి వచ్చాడు. "నిజమట! చెయ్యి ఇర్గగొట్టి ఇప్పుడు ముచ్చట పెడ్తున్నడు. ఏ చెయ్యిరా నీది కొట్టింది?"

"ఆగు," అన్నాడు ఫకీర్ అహ్మద్.

అల్లుడు పట్టా ఎత్తి పట్టుకునే ఆగాడు. "ఏంది మామా? ఇడిసిపెట్టాల్నా వీన్ని?"

"ఇడువుమంటలేను. సంచి దించనియ్యి ముందు. పంపు కింద పడ్తే దేనికి పనికి రాదు."

చాంద్యా అర దగ్గరికి నడిచాడు. పంపుల వరసలో చివరి చోటు ఖాళీగా ఉంది. చెక్క మీద బూడిద లేని ముక్క ఆ పంపు ఆకారంలోనే ఉంది. సంచి దించి, మోకాలి మీద ఆనించి, పంపు బయటికి తీశాడు. నోళ్ళలోని గుడ్డలు ఊడలేదని చూసుకున్నాడు. రెండు చేతులతో ఎత్తడానికి ఎడమ భుజం ఒప్పుకోలేదు. పళ్ళు బిగించి ఎత్తాడు. పంపు చెక్క మీద కూర్చున్నాక కదలకుండా ఉందో లేదో ఒకసారి తట్టి చూశాడు.

తర్వాత చేతులు కిందికి వదిలి, అల్లుడు నిలబడి ఉన్న వైపు నడిచాడు.